అరుగు నాది, పెరడు అన్నయ్యది

సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 23. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది, ముఖ్యమైన సంగతులు కుదించి చెబుతున్నాను.

భీమిలిలో ఈ అమ్మాయి తాతగారికి ఒక పెంకుటిల్లు ఉండేది. వీధి అరుగు, మండువా, పెరట్లో గిలక నుయ్యి, పనస చెట్టు. 2020 లాక్‌డౌన్‌లో తనూ, పెదనాన్నగారబ్బాయీ, వాళ్ల చెల్లీ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆ ఇంటిని మైన్‌క్రాఫ్ట్‌లో కట్టారు. తెలియనివాళ్ల కోసం: అదొక కంప్యూటర్ ఆట. లోకమంతా ఘనాకారపు దిమ్మలే. తవ్వుకోవచ్చు, కొట్టుకోవచ్చు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. ఒక్కో దిమ్మ ఒక మీటరు లెక్క. అసలు కొలతలకే కడితే మంచం వేశాక గదిలో మనిషి మసలడానికి చోటుండదని వీళ్లు రెట్టింపు చేసి కట్టారు. వీధి అరుగు నుంచి పెరటి గోడ దాకా 71 దిమ్మలు, అడ్డం 38, నుయ్యి లోతు 9. పనస చెట్టు నిజానికి 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకే కూలిపోయింది. అప్పటికి చెల్లికి ఆరేళ్లు. తనకి ఎంత పెద్ద చెట్టని గుర్తుందో అంత పెద్దది ఆటలో కట్టింది, ఇంటికి రెండింతలు ఎత్తు.

రెండేళ్ల క్రితం పెద్దవాళ్ల మధ్య వాటాల గొడవ వచ్చింది. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు, కొట్టేశారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ లేస్తోంది. నాన్నకీ పెదనాన్నకీ మాటల్లేవు. నాయనమ్మ వీళ్ల దగ్గరే ఉంటోంది. ఆటలోని లోకం మాత్రం మధురవాడలో అన్నయ్య పాత కంప్యూటర్‌లో ఉంది. అదే సర్వర్, అంటే ముగ్గురూ నెట్‌లో వచ్చి కలిసేది అందులోనే. అన్నయ్యకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల ఆ కంప్యూటర్ అమ్మేస్తానన్నాడు. ఈ అమ్మాయి కొత్త లాప్‌టాప్‌లో ఒక కొత్త లోకం మొదలుపెట్టి, ఇంటిని అందులోకి మార్చుకుందామని "ఇల్లు నాకు పంపు" అని మెసేజ్ పెట్టింది. దానికి అన్నయ్య జవాబు: "ఇల్లంటే ఏది? అరుగు, పెంకులు నువ్వు వేశావు. పెరడు, నుయ్యి నావి. చెట్టు చెల్లిది. నీ వాటా నువ్వు తీసుకో." ఆ రాత్రే ఈమెకి సర్వర్‌లో ఉన్న ఆపరేటర్ హోదా, అంటే కమాండ్లు (ఆటకి టైపు చేసి ఇచ్చే ఆజ్ఞలు) వాడే అధికారం, తీసేశాడు. లోపలికి వెళ్లి తిరగొచ్చు, కమాండ్లు మాత్రం పనిచేయవు.

అడిగినవి నాలుగు. ఇల్లొక్కటే మార్చుకునే దారుందా? చెప్పకుండా తెచ్చుకుంటే తప్పా? "ఆటలో కూడా వాళ్లతో నీకేం పని" అంటున్న నాన్నకి ఏం చెప్పాలి? 23 ఏళ్లొచ్చి బొమ్మల ఇంటి కోసం ఏడుస్తోందని అమ్మ నవ్వుతోంది, ఇది నిజంగా పిచ్చేనా?

*

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది తేలిక. పిచ్చి కాదు. అమ్మ కొత్తగా పెళ్లయి అడుగుపెట్టిన ఇల్లు అదే కదా. ఆవిడ ఎందుకు నవ్వుతోందో నాకు తెలియదు గానీ, నవ్వేవాళ్లందరూ నవ్వొచ్చే నవ్వరు. దాన్ని అక్కడ వదిలేద్దాం.

అసలు ముల్లు మీ ఉత్తరంలో ఒకే ఒక్క మాట: వాటా. రెండేళ్లుగా మీ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వినబడిందో, అన్నయ్య ఇంట్లోనూ అన్నిసార్లూ వినబడి ఉంటుంది. "ఇల్లు నాకు పంపు" అన్న మీ మెసేజ్‌ని మరోసారి చదవండి. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ సొంత ఇల్లు పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని చదివితే అది ఇంకో పెద్దమనిషి పంపిన కబురులాగే ఉంటుంది. అతని జవాబు దురుసుగానే ఉంది, కాదనను. హోదా పీకేయడం మరీ చిన్నపిల్లల పని. అయినా ఆ జవాబులో ఎవరు ఏం కట్టారో మీకంటే అతనికే కచ్చితంగా గుర్తుంది, గమనించారా? అరుగు మీది, నుయ్యి తనది, చెట్టు చెల్లిది అని దిమ్మల లెక్కన చెప్పగలిగినవాడికి ఆ ఇల్లు అక్కర్లేదని నేననుకోను.

ఇక్కడే భీమిలి ఇంటికీ దీనికీ ఉన్న తేడా చూడాలి. అక్కడ ఒకరికి గది వస్తే ఇంకొకరికి పోయింది. ఇక్కడ మీరు మొత్తం తెచ్చుకున్నా అన్నయ్య దగ్గర ఒక్క పెంకు తగ్గదు. కాపీ అంటే అదే. కాబట్టి ఈ గొడవకి కారణం ఇల్లు కాదు. కాపీ చేసిన రోజు నుంచి మాత్రం అవి రెండిళ్లు. మీరు మీదాంట్లో కిటికీ పెడితే అతనికి కనబడదు, చెల్లి అక్కడ మొక్క నాటితే మీకు తెలియదు. ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చోవడం ఆగిపోతుంది. అన్నయ్యకి తగిలింది బహుశా అది. మీరు పోగొట్టుకోబోయేది కూడా అదే కావచ్చు. మీకు ఇల్లు కావాలా, ఆ ఇంటికి వచ్చేపోయే మనుషులు కావాలా అన్నది తేల్చుకుంటే కింది దారుల్లో ఏది మీదో మీకే తెలుస్తుంది.

అన్నింటికన్నా ముందు, కంప్యూటర్ అమ్మేలోపు లోకం మొత్తం ఇంకోచోట భద్రంగా ఉండాలి. ఎవరి దగ్గర అన్నది తర్వాత చూసుకోవచ్చు. అమ్మేముందు హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేస్తారు, చేశాక అన్నయ్యకీ ఉండదు, మీకూ ఉండదు. ఈ మాట అతనికి తట్టి ఉండకపోవచ్చు కూడా. అందుకే మెసేజ్ మళ్లీ పంపమంటాను, ఈసారి ఇలా: "అన్నయ్యా, వాటా సంగతి కాదు. సిస్టమ్ అమ్మేలోపు మన లోకం మొత్తం మూడు కాపీలు తీద్దాం. నీ దగ్గరొకటి, చెల్లి దగ్గరొకటి, నా దగ్గరొకటి. పెన్‌డ్రైవ్‌లు నేను తెస్తాను. నాయనమ్మ ఇల్లు చూస్తానంటోంది." ఇలా అడిగితే ఒప్పుకుంటాడని హామీ ఇవ్వలేను. కాదనడం మాత్రం కష్టమవుతుంది.

అతను సరేనంటే పని చాలా చిన్నది. సర్వర్ ఆపేసి, అందులో ఉండే 'వరల్డ్' ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయాలి. ఆపకుండా, ఆట నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు వచ్చే ప్రమాదం ఉంది. నేనొకసారి ఆ పని చేసి, ఊళ్లో నాలుగో వంతు మాయమైన లోకాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఫోల్డర్‌ని మీ లాప్‌టాప్‌లో ఆట తాలూకు 'సేవ్స్' ఫోల్డర్‌లో పెడితే ఒంటరిగా ఆడే లోకంగా తెరుచుకుంటుంది. అక్కడ మీరే యజమాని. 'ఓపెన్ టు లాన్' నొక్కి చీట్స్ అనుమతిస్తే కమాండ్లన్నీ మీకు పనిచేస్తాయి, అన్నయ్య ఇచ్చే హోదాతో పనుండదు. ఒక్కటి చూసుకోండి. సర్వర్ ఆట 1.20 వెర్షన్‌లో ఆగిపోయిందని, మీ లాప్‌టాప్‌లో 1.21 ఉందని రాశారు. పాతది కొత్తదాంట్లో తెరుచుకుంటుంది, ఆట తనే మార్చుకుంటుంది. ఒకసారి అలా మారినదాన్ని మళ్లీ పాతదాంట్లో తెరవడం కుదరదు. అందుకే పెన్‌డ్రైవ్‌లోదాన్ని ముట్టుకోకుండా ఉంచి, దాని కాపీనే తెరవండి.

మొత్తం లోకం తెచ్చుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. మీ ఉత్తరంలో మీరే రాశారు, మేడ మీద గదిలో చెల్లి పెట్టె ఉందని, అందులో తను రాసుకున్న పుస్తకం ఉందని, ఎప్పుడూ తెరిచి చూడలేదని. ఇప్పుడు ఆ పెట్టె కూడా మీ లాప్‌టాప్‌లోకి వస్తుంది, చుట్టుపక్కల అడగడానికి మనిషి ఉండదు. నాలుగేళ్లు తెరవనిది ఇప్పుడూ తెరవకండి, లేదా కాపీ చేసేముందు చెల్లినే వచ్చి తీసుకోమనండి. ఇంటర్ చదివే పిల్ల పన్నెండేళ్లప్పుడు రాసుకున్నది ఎవరైనా చదువుతారంటే ఎంత కంగారుపడుతుందో ఊహించండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఇల్లొక్కటే కొత్త లోకంలోకి మార్చడం. దీనికి ఆటలోనే స్ట్రక్చర్ బ్లాక్ అనే దిమ్మ ఉంది. మామూలుగా దొరకదు, కమాండ్‌తో తెప్పించుకోవాలి. ఇంటికి ఎదురెదురు మూలల్లో రెండు పెట్టి 'కార్నర్' అని, ఇంకొకటి పక్కన పెట్టి 'సేవ్' అని, మూడింటికీ ఒకే పేరు చిన్న అక్షరాల్లో ఇచ్చి, 'డిటెక్ట్' నొక్కితే చుట్టూ తెల్లటి గీతల పెట్టె వస్తుంది. అప్పుడు 'సేవ్' మీట నొక్కితే ఆ పెట్టెలో ఉన్నదంతా ఒక ఫైలవుతుంది. ఆ ఫైలు పాత లోకపు ఫోల్డర్‌లో 'జనరేటెడ్' అనే ఫోల్డర్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. దాన్ని కొత్త లోకంలో అదే చోట పెట్టి, అక్కడ స్ట్రక్చర్ బ్లాక్‌లో 'లోడ్' ఎంచుకుని, అదే పేరు కొట్టాలి. ఒకసారి నొక్కితే ఇల్లు ఎక్కడ వాలబోతోందో గీతలు చూపిస్తుంది, రెండోసారి నొక్కితే వాలుతుంది.

చిక్కేమిటంటే, మీరాడే జావా ఎడిషన్‌లో ఒక పెట్టె ఏ వైపూ 48 దిమ్మలు దాటకూడదు. మీ ఇంటి పొడవు 71. అంటే రెండు ముక్కలు చేయాల్సిందే. ఎక్కడ కోస్తే బాగుంటుందని మీ కొలతలు చూస్తే, వంటింటి వెనక గోడ దగ్గర. ముందు భాగం ఇల్లు, వెనక భాగం పెరడు. అన్నయ్య అన్న వాటాలు సరిగ్గా అవే! ఆట కూడా మీ ఇంటిని అక్కడే చీల్చమంటోంది. కాకపోతే ఇక్కడ రెండు ముక్కలూ ఇద్దరికీ వస్తాయి. ఆ గోడని రెండు ముక్కల్లోనూ చేర్చండి, కొత్త చోట రెండోది పెట్టేటప్పుడు గోడ మీద గోడ పడితే లెక్క సరిపోయినట్టు.

పెట్టె గీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు నేల దగ్గర ఆపేయడం. మీ నుయ్యి 9 దిమ్మలు కిందికి ఉంది. పెరటి ముక్కకి కనీసం పది పదకొండు దిమ్మలు కిందికి దించండి, లేకపోతే కొత్త ఇంట్లో నుయ్యి ఉండదు, నేల మీద ఒక ఒర, దానిమీద గిలక మాత్రం ఉంటాయి. పైకి చెట్టుకి తగినంత వదలండి. ఇంకో సంగతి, పెట్టెలో ఖాళీగా ఉన్న చోటు కూడా ఖాళీగానే సేవ్ అవుతుంది. కొత్త లోకంలో గుట్ట పక్కన దింపితే ఆ ఖాళీ వెళ్లి గుట్టని కోసేస్తుంది. దీనికి వెనక్కి తీసుకునే మీట లేదు. దింపేముందు లోకాల జాబితాలో 'ఎడిట్' లోకి వెళ్లి 'మేక్ బ్యాకప్' నొక్కడం ఒక నిమిషం పని, ఆ నిమిషం కక్కుర్తిపడకండి.

దిమ్మలు కానివి వేరే లెక్క. గోడకి తగిలించిన బొమ్మలు, చట్రాలు, పెరట్లో కట్టేసిన కుక్క ఇవన్నీ ఆట భాషలో ఎంటిటీలు. 'ఇన్‌క్లూడ్ ఎంటిటీస్' అన్నది మొదట ఆఫ్‌లో ఉంటుంది. సేవ్ చేసేటప్పుడూ ఆన్ చేయాలి, లోడ్ చేసేటప్పుడూ ఆన్ ఉందో లేదో చూడాలి. లేకపోతే ఇల్లు వస్తుంది, కుక్క రాదు. మండువా గోడకి మీరు తగిలించిన భీమిలి పటం చట్రంతో సహా వస్తుంది గానీ అందులో బొమ్మ రాదు. ఎందుకంటే ఆటలో పటానికి ఒక నంబరే ఉంటుంది, గీతలన్నీ లోకపు 'డేటా' ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. కొత్త లోకంలో ఆ నంబరుకి పటం లేకపోతే ఖాళీ కాగితం కనబడుతుంది. ఉంటే ఇంకా అన్యాయం, ఏదో వేరే ఊరు కనబడుతుంది. కొత్త లోకంలో ఇంకా ఒక్క పటం కూడా తయారుచేయకపోతే పాత లోకంలోని పటాల ఫైళ్లు, నంబర్ల లెక్క ఉండే ఫైలు కలిపి అక్కడికి కాపీ చేసుకోండి, గోడ మీద గోస్థని మళ్లీ వచ్చి సముద్రంలో కలుస్తుంది.

ఇంకా ఒకటి చూసుకోవాలి. గడ్డి రంగు, ఆకుల రంగు ఇంటితో పాటు రావు. అవి ఆ నేల స్వభావాన్ని బట్టి ఆట వేసే రంగులు. పాత లోకంలో పచ్చగా ఉన్న మీ పెరడు సవానా (ఎండు గడ్డి మైదానం) నేల మీద దింపితే ఎండు పసుపు పచ్చగా, మంచు నేల మీద దింపితే నీలం కలిసిన బూడిద పచ్చగా కనబడుతుంది. చెల్లి చెట్టూ అంతే. దిమ్మ దిమ్మా అదే ఇల్లు, చూస్తే వేరే ఊళ్లో ఉన్నట్టుంటుంది. పాత చోటు లాంటి నేల వెతుక్కుని దింపండి.

అన్నయ్య కుదరదంటే? అప్పుడే మీ రెండో ప్రశ్న. చెప్పకుండా తెచ్చుకునే దారి ఉంది, లేదని అబద్ధం చెప్పను. లిటమాటికా అని ఒక మాడ్ ఉంది, అంటే ఆటకి బయటివాళ్లు రాసిన అదనపు తోడు. అది సర్వర్‌లో కాదు, మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది. మీరు ఇంట్లో నిలబడితే మీ తెరకి వచ్చిన దిమ్మలన్నీ కొలిచి ఒక స్కీమాటిక్ (నమూనా) ఫైలుగా రాసిపెడుతుంది. దానికి ఏ హోదా అక్కర్లేదు, 48 హద్దూ లేదు. కొత్త లోకంలో దిమ్మలు ఎన్నైనా దొరికే క్రియేటివ్‌లో ఉంటే ఒకేసారి అతికించుకోవచ్చు, లేదా గాజు నీడలా ఇల్లు కనబడుతుంటే దాన్ని చూస్తూ ఒక్కో దిమ్మా పేర్చుకోవచ్చు. ఎన్ని పెంకులు కావాలో, ఎన్ని దూలాలు కావాలో జాబితా కూడా ఇస్తుంది. పెట్టెలు వస్తాయి గానీ పెట్టెల్లో ఉన్నవి రావు, మీరు తెరిస్తే తప్ప సర్వర్ వాటిని మీకు పంపదు. చెల్లి పుస్తకం గొడవ ఆ రకంగా ఉండదు.

తప్పా అంటే, మీరు కట్టిన అరుగు మీరు కొలుచుకోవడం తప్పని ఎవరంటారు? పెరడూ చెట్టూ అడక్కుండా తేవడమే కొంచెం వెలితి. కొన్ని పెద్ద సర్వర్లలో ఇలా కాపీ తీయకూడదని నియమాలు ఉంటాయి, మీ ముగ్గురి మధ్య అలాంటిదేమీ లేదు. కాకపోతే నాకు నైతికత కన్నా నాయనమ్మ గురించే బెంగ. ఆవిడ పెద్ద కొడుక్కి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుందని మీరే రాశారు. ఇల్లు చూపించిన రోజు సాయంత్రం ఆవిడ ఏం మాట్లాడుతుంది? "ఒరే, మన ఇల్లు చూశాన్రా, నుయ్యి కూడా ఉంది" అని చెప్పకుండా ఉంటుందా? చెప్పొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకుంటారా? ఇద్దరు కొడుకుల మధ్య ఇప్పటికే ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో చూసుకుంటూ బతుకుతున్న మనిషికి ఇంకో రహస్యం ఇవ్వడం నాకైతే మనసొప్పదు. రహస్యంగానే తీస్తానంటే తీయండి. మర్నాడే అన్నయ్యకి "తీశాను, ఫైలు ఇదిగో, నీకూ పంపుతున్నాను" అని చెప్పేయండి. కోప్పడతాడు. కంప్యూటర్ అమ్మేశాక ఆ ఫైలు అతనికే కావాల్సి రావచ్చు.

మీరు ఆలోచించని దారి ఒకటి ఉంది. ఇంటిని కాకుండా లోకాన్నే మార్చడం. అన్నయ్య హైదరాబాద్ వెళ్తున్నాడు కాబట్టి ఇకమీద ఎవరింట్లోనూ కంప్యూటర్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండనక్కర్లేదు. నెలకింత అని కట్టి రెల్మ్స్‌లో, అంటే మైన్‌క్రాఫ్ట్ వాళ్లే అద్దెకిచ్చే సర్వర్‌లో, పెట్టుకుంటే యజమాని కాక ఇంకో పదిమంది దాకా ఒకేసారి ఆడొచ్చు. ఉన్న లోకాన్ని అందులోకి ఎక్కించొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చు. ఖర్చు ముగ్గురూ పంచుకోండి. ఇన్నాళ్లూ కరెంటు బిల్లు తన ఒక్కడిదే అన్న సాధింపు కూడా పోతుంది. నష్టం, డబ్బు కట్టడం ఆపితే అది కూడా ఆగిపోతుంది, పైగా యజమాని అకౌంట్ ఎవరిదన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. చెల్లిది పెట్టండి. దాని మీద మీ ఇద్దరికీ కోపం లేదు.

ఇంకొకటి, అన్ని ఫైళ్లూ పక్కన పెట్టి, నాయనమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని మొదటినుంచి కట్టడం. రెండు మూడు నెలలు పడుతుంది. లాక్‌డౌన్‌లో మీరు ముగ్గురూ కట్టింది పిల్లలకి గుర్తున్న ఇల్లు. మేడ మెట్లు ఎడమవైపా కుడివైపా అని మీరూ అన్నయ్యా వారం రోజులు కొట్టుకున్నామని రాశారు, నాయనమ్మని అడిగి ఉంటే క్షణంలో తేలేది. ఆవిడ చెప్తే మీరెరగని ఇల్లు వస్తుంది, మీరు పుట్టకముందు కొట్టేసిన పశువుల పాక, బావి దగ్గర గాబు, ఎవరి పురుడికో మూసేసిన కిటికీ. పాత లోకంలోని ఇల్లు ఇందుకు బదులు కాదు. రెండూ ఉండొచ్చు. ఒకటే చేయగలిగే ఓపికుంటే, నా ఓటు దీనికే. పైగా అన్నయ్య అవుననడంతో కాదనడంతో దీనికి పనిలేదు.

నాన్న మాట. "వాళ్లతో నీకేం పని" అన్నది ఆటని చూసి అన్న మాట కాదని మీకూ తెలుసు. వాదించకండి. అన్నయ్యతో మాట్లాడటానికి అనుమతి అడగకండి, దాచనూ వద్దు. "నాన్నా, తాతయ్య ఇంటి కాపీ కోసం అన్నయ్యకి మెసేజ్ పెట్టాను" అని అన్నం దగ్గర ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఆయన లేచి వెళ్లిపోవచ్చు. వారం మాట్లాడకపోవచ్చు. పెదనాన్నకీ నాన్నకీ మధ్య మీరు వెళ్లి నిలబడాలని నేను అనడం లేదు, ఆ పని పిల్లలది కాదు, వాళ్ల కాగితాల మీద మీ సంతకమూ లేదు. ఇంటి కాపీ పట్టుకెళ్లి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి కలిపేద్దామన్న ఆలోచన మీ ఉత్తరం చివర్లో లీలగా కనబడింది. దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇల్లు చూసి ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు, ఇంకొకాయన "ఆ గది నాకు రావాల్సింది" అనొచ్చు.

నాయనమ్మకి చూపించే రోజుకి కొన్ని చిన్న సంగతులు. 'పీస్‌ఫుల్'లో పెట్టండి, చీకటి పడగానే అరుగు మీదికి జాంబీలొస్తే ఆవిడ ఇక రెండోసారి చూడదు. సెట్టింగ్స్‌లో 'వ్యూ బాబింగ్' ఆపేయండి, నడుస్తుంటే తెర ఊగి పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతాయి. మౌస్ మీరే పట్టుకోండి, పరిగెత్తకండి, ఎటు తిప్పాలో ఆవిడని చెప్పమనండి. వీలైతే లాప్‌టాప్‌ని టీవీకి కలపండి.

ఇల్లు దింపేటప్పుడు దిక్కు చూసుకోవడం మర్చిపోకండి. స్ట్రక్చర్ బ్లాక్‌లో ఇంటిని 90, 180, 270 డిగ్రీలు తిప్పే మీటలుంటాయి. రెండు ముక్కలూ ఒకేలా తిప్పాలి. ఎఫ్ 3 నొక్కితే మీరు ఎటు చూస్తున్నారో తెర మీద రాసి ఉంటుంది. ఆటలోనూ సూర్యుడు తూర్పునే వస్తాడు. భీమిలి అరుగు సముద్రం వైపు, అంటే తూర్పుకే కదా ఉండేది. పొద్దున్న ఎండ అరుగు మీద పడకపోతే నాయనమ్మ మొదట అడిగేది అదే.